సంతకం మార్చాం, లాగిన్ మార్చలేదు

(మండల సమాఖ్య మహాజన సభలో మాట్లాడిన మాటలు)



ఎంత పొదుపు చేశాం, ఎంత అప్పు తీసుకున్నాం, ఎంత కట్టాం అన్నది మన కోశాధికారి అక్క ఇప్పుడే చదివి వినిపించింది. ఈ పుస్తకంలో కూడా ఆ లెక్కలు వేరే పేజీల్లో ఉంటాయి. నేను మాట్లాడేది ఆ లెక్కలు ఎక్కించే ల్యాప్‌టాప్ గురించి. పోయిన ఏడాది అందులో నేను ఒక తప్పు చేశాను. దాని గురించి కమిటీలో ఒకసారి చెప్పాను. ఇక్కడ అందరి ముందు చెప్పాలని నేనే అడిగాను, ఎందుకంటే ఆ తప్పు వల్ల మాట పడింది నేను కాదు, ఇంకొక ఆడపిల్ల.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. అకౌంట్ అనగానే మనకి బ్యాంకు అకౌంటే గుర్తొస్తుంది. పోయిన ఏడాది నేను ఫోన్‌లో ఎవరితోనో "ఆ అకౌంట్ డిలీట్ చేసేశానండి" అంటుంటే, సంతకం పెట్టడానికి వచ్చిన మా ఊరి పిన్ని ఒకామె విని, చెప్పులు కూడా వేసుకోకుండా ఊళ్ళోకి పరిగెత్తింది. సాయంత్రానికి మా గుమ్మంలో పదిమంది ఉన్నారు, "మా పొదుపు డబ్బులు తీసేశావా అమ్మాయ్" అని. నవ్వుకోండి, పర్వాలేదు, ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు. బ్యాంకు అకౌంట్ వేరు, ఇది వేరు. ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడితే ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పాస్‌వర్డ్ ఇస్తారు. దాన్ని కూడా అకౌంట్ అంటారు, యూజర్ అని కూడా అంటారు. ఒక ఇంట్లో నలుగురు కోడళ్ళకి నాలుగు గదులు ఇచ్చినట్టు అనుకోండి. ఎవరి గది తాళం వాళ్ళ దగ్గర, ఎవరి సామాను వాళ్ళ గదిలో. ఇంటి మొత్తానికి పెద్ద తాళం ఒకరి దగ్గర ఉంటుంది, వాళ్ళని అడ్మిన్ అంటారు. మన సమాఖ్య ల్యాప్‌టాప్‌కి ఆ పెద్ద తాళం నా దగ్గర పెట్టారు. పదో తరగతి పాసయ్యాను, టైపు కొట్టడం వచ్చు, అంతే నా అర్హత.

మన దగ్గర లెక్కలు చూసిన చెల్లి మీ అందరికీ తెలుసు, పేరు చెప్పను. మూడేళ్ళు చేసింది. ఏడో నెల వచ్చాక బండి మీద తిరగలేనని మానేసింది. దాళ్వా కోతలు మొదలైన రోజులవి. తను మానేసిన వారంలోనే మనం ఎంత పద్ధతిగా చేశామో గుర్తుందా? తీర్మానం రాశాం, అందరం సంతకాలు పెట్టాం, చెక్కు పుస్తకం, క్యాష్ పుస్తకం, తాళాలు, స్టాంపు అన్నీ లెక్కపెట్టి అప్పగింత కాగితం రాసుకున్నాం. అంతకుముందు కార్యదర్శి మారినప్పుడు కూడా అంతే, బ్యాంకులో సంతకాలు మార్చడానికి రెండు రోజులు కూడా పట్టనివ్వలేదు. పాత సంతకం చెల్లుతూ ఉంటే ఏమవుతుందో మనకి ఇరవై ఏళ్ళుగా తెలుసు కాబట్టి. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం బ్యాగుతో సహా కొత్త అమ్మాయి చేతిలో పెట్టి, "జాగ్రత్తగా వాడుకోమ్మా" అన్నాం.

కొత్త అమ్మాయికి కూడా నేనే ఒక అకౌంట్ తెరిచి ఇచ్చాను. అక్కడిదాకా బాగానే ఉంది. జరిగింది ఏమిటంటే, పాత చెల్లి ఆఖరి రోజున ల్యాప్‌టాప్ మూత మూసి వెళ్ళిపోయింది. మూత మూస్తే ల్యాప్‌టాప్ ఆగిపోయినట్టు కాదండి, నిద్రపోయినట్టు. తెరిస్తే ఎక్కడ ఆపామో అక్కడే ఉంటుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది, కానీ ఆ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్ అడుగున చీటీ మీద రాసి టేపు అంటించి ఉంది. అది కూడా మనం చెప్పే చేసింది, "నువ్వు రాని రోజు మాకు కావాలి కదా" అని. పాత గదిలో షీట్లు అన్నీ తయారుగా ఉన్నాయి, ఊళ్ళ పేర్లు, సంఘాల పేర్లు, వడ్డీ లెక్క కట్టే సూత్రాలు. కొత్త గదిలో ఏమీ లేదు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది? పాత చెల్లి గదిలోనే కూర్చుని పని చేసుకుపోయింది. రెండు నెలలు. అప్పుడప్పుడు తన గదికి వెళ్ళేది, వెళ్ళేటప్పుడు సైన్ ఔట్ నొక్కకుండా స్విచ్ యూజర్ నొక్కేది. స్విచ్ యూజర్ అంటే ఈ గదిలో దీపం, ఫ్యాను, పొయ్యి మీద పాలు అన్నీ అలాగే వదిలేసి పక్క గదిలోకి వెళ్ళడం. పైకి చూస్తే కొత్త అమ్మాయి తెరే కనపడుతుంది. లోపల పాత అకౌంట్ నడుస్తూనే ఉంటుంది.

ఇక గొడవ ఎలా వచ్చిందంటే, ఒక సంఘం వాళ్ళు కట్టిన వాయిదా 12,400 రూపాయలు మన షీటులో పడలేదు. వాళ్ళ పుస్తకంలో ఉంది, మన షీటులో లేదు. షీటు తెరిచి చూస్తే చివరగా మార్చింది ఎవరు అన్న చోట పాత చెల్లి పేరు ఉంది. ఎక్సెల్ షీటులో ఆ వివరం ఉంటుందండి, ఎవరి అకౌంట్‌లో కూర్చుని సేవ్ చేస్తే మామూలుగా వాళ్ళ పేరు పడుతుంది. తేదీ చూస్తే తను మానేసిన ఆరు వారాల తర్వాతది. అంతే, మాటలు మొదలయ్యాయి. "మానేసి కూడా లెక్కలు తిప్పుతోంది" అన్నారు ఒకరు. "ఇంట్లో కూర్చుని ఫోన్‌లోంచి చేస్తున్నట్టుంది" అన్నారు ఇంకొకరు. మా వీధిలో కుళాయి దగ్గర విన్నాను నేను, "అందుకే మానేసింది" అని. ఆ తేదీన ఆ పిల్ల ఎక్కడుందో తెలుసా? ఆసుపత్రిలో, కాన్పుకి. ఆపరేషన్ చేసి మూడో రోజు. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నేను గొప్పదాన్నని చెప్పుకోవడం లేదు.

నేనేం చేశానంటే, ఈ పేరు ఇందులో ఉన్నన్నాళ్ళూ గొడవే అని, ఆ అకౌంట్ తీసేశాను. సాయంత్రం ఐదింటికి, బస్సు పోతుందన్న హడావుడిలో. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, అకౌంట్స్‌లో తన పేరు పక్కన రిమూవ్ నొక్కాను. ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చాయి. కింద గుండీ ఉంది, నొక్కేశాను. ఆ నాలుగు లైన్లూ తర్వాత మా అబ్బాయి చేత చదివించుకున్నాను. ఈ మనిషి అకౌంట్ తీసేస్తే డెస్క్‌టాప్ మీదవి, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, ఫోటోలు, అన్నీ ఈ కంప్యూటర్లోంచి పోతాయి, కాపీ చేసి పెట్టుకోకపోతే మళ్ళీ రావు అని దాని అర్థం. అంత స్పష్టంగా రాసి ఉంది. అప్పు కాగితం మీద చదవకుండా వేలిముద్ర వెయ్యొద్దని ఇన్నేళ్ళుగా ఊరూరా చెప్పిన మనిషిని నేను.

మర్నాడు కొత్త అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. 41 సంఘాల ఆ నెల వసూళ్ళ షీటు తెరిచి ఉంచి, సేవ్ చేయకుండా స్విచ్ యూజర్ కొట్టి భోజనానికి వెళ్ళిందట ముందురోజు. సగం చేసిన ఆ షీటు పోయింది. డెస్క్‌టాప్ మీద ఉన్న పాత నెలల షీట్లు పోయాయి. బ్యాంకు నుంచి దింపుకున్న స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్స్‌లో ఉండేవి, అవీ పోయాయి. మన 12,400 రూపాయలు బ్యాంకులో పడ్డాయా లేదా అని చూపించేది ఆ స్టేట్‌మెంటే. అంటే ఆ పిల్ల తప్పు చేయలేదని చూపించే కాగితాన్ని నేనే చింపేసినట్టయింది. ఇంకా ఘోరం, ఊళ్ళో ఏమన్నారో చెప్పనా? "గుట్టు బయటపడుతుందని అక్క దగ్గరుండి తీసేసింది" అన్నారు. నా మీద కూడా.

మూడు వారాలు పట్టింది మళ్ళీ రాసుకోవడానికి. సంఘాల పుస్తకాలు బతికించాయి మనల్ని. ప్రతి సంఘం తమ మినిట్స్ పుస్తకం, పాస్‌బుక్కులు పట్టుకొచ్చారు, వీఓఏ చెల్లెళ్ళు రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్నారు. ఆన్‌లైన్ వచ్చాక పుస్తకాలు ఎందుకండీ అని అడిగేవాళ్ళకి ఇంతకంటే నేను చెప్పేది లేదు. బ్యాంకు వాళ్ళని అడిగి స్టేట్‌మెంట్ మళ్ళీ తీసుకున్నాం. 12,400 బ్యాంకులో పడింది, పడాల్సిన రోజే పడింది. కొత్త అమ్మాయి దాన్ని పక్క వరసలో ఇంకో సంఘం పేరు మీద ఎక్కించింది, అంతే. ఆ రెండు సంఘాల పేర్లూ ఒకలాగే ఉంటాయి. ఎవరూ పైసా తినలేదు. పాత చెల్లి కమిటీ మీటింగ్‌కి వచ్చింది, రెండు నెలల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం కవరులో పెట్టుకుని. మనం అడగలేదు. తనే తెచ్చింది. ఆ కాగితం మా అధ్యక్షురాలి చేతికి ఇచ్చేటప్పుడు తన మొహం చూసి నేను తల ఎత్తలేకపోయాను.

సరే. ఇప్పుడు ఎలా చెయ్యాలో చెప్తాను. ఇది కంప్యూటర్ సెంటర్ నడిపే ఒక తమ్ముడి దగ్గర మూడు ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను, తర్వాత మన ల్యాప్‌టాప్‌లో నా చేత్తో చేసి చూసుకున్నాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది, తీసేయబోయే మనిషి లోపల ఉందా లేదా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ అని వస్తుంది. అందులో యూజర్స్ అని ఉంటుంది. అక్కడ ఎన్ని పేర్లు కనపడితే అంతమంది లోపల ఉన్నట్టు, తెర మీద ఒక్కరే కనపడుతున్నా సరే. మీలో కొందరికి ఇంకో గుర్తు తెలిసే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపబోతే "ఇంకెవరో ఈ కంప్యూటర్ వాడుతున్నారు, ఇప్పుడు ఆపితే వాళ్ళు సేవ్ చేయని పని పోవచ్చు" అన్న మాట ఇంగ్లీషులో వస్తుంది. మా వీఓఏ ఒకామె రాత్రిపూట ఒక్కతే ఆఫీసులో ఉండి ఈ మాట చదువుకుని, గదిలో ఎవరో ఉన్నారని బయటికి పరిగెత్తింది. దొంగా కాదు, దెయ్యమూ కాదు, ముందు వాడినవాళ్ళు సైన్ ఔట్ చేయలేదు. ఆ మాట వస్తే ఎస్ కొట్టకండి. ఎవరో కనుక్కోండి.

లోపల ఉన్నారని తెలిశాక, యూజర్స్‌లో వాళ్ళ పేరు మీద నొక్కి సైన్ ఆఫ్ అంటే బయటికి పంపేయొచ్చు, అడ్మిన్‌కి ఆ అధికారం ఉంటుంది. అధికారం ఉంది కదా అని వాడొద్దు. వాళ్ళు సేవ్ చేయనిది అక్కడే పోతుంది. వీలైతే ఆ మనిషినే పిలవాలి. వచ్చి, తన పాస్‌వర్డ్‌తో తెరిచి, తెరిచి ఉన్నవన్నీ సేవ్ చేసి, తనే సైన్ ఔట్ కొట్టాలి. రాలేని పరిస్థితి అయితే ఫోన్ చేసి, ఏం తెరిచి ఉందో అడిగి, తను సరే అన్నాకే మనం చెయ్యాలి. పక్కన ఇంకొకరు ఉండాలి చూస్తూ. బీరువా తెరిచేటప్పుడు ఇద్దరం ఉంటాం కదా.

పాస్‌వర్డ్ మార్చేస్తే చాలు కదా అని కొందరు అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మన ల్యాప్‌టాప్ లాంటి వాటిలో పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అప్పటికే లోపల ఉన్నవాళ్ళు బయటికి రారు. తలుపుకి కొత్త తాళం వేశాం, మనిషి లోపలే ఉంది, అలా ఉంటుంది. కాబట్టి ముందు బయటికి రావడం, ఆ తర్వాతే తాళం మార్చడం. మార్చేది కూడా ఆ మనిషి చేతే, పాతది కొట్టి కొత్తది పెట్టించాలి. మనం అడ్మిన్‌లోంచి బలవంతంగా మారిస్తే లోపల దాచుకున్న కొన్ని పాస్‌వర్డులు తర్వాత తెరుచుకోకపోవచ్చు.

తర్వాత సామాను. ఇది నాలుగు రోజులు పట్టినా తొందరపడొద్దు. డెస్క్‌టాప్ మీదవి, డాక్యుమెంట్స్, ఫోటోలు, డౌన్‌లోడ్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యాలి. కాపీ అయ్యిందని పక్కన పెట్టేయకుండా, ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్లో పెట్టి నాలుగైదు షీట్లు తెరిచి చూడాలి. డౌన్‌లోడ్స్ సంగతి మళ్ళీ చెప్తున్నాను, రాసుకోండి. పాత పద్ధతిలో కంట్రోల్ ప్యానెల్ నుంచి అకౌంట్ తీసేస్తే "ఫైళ్ళు ఉంచమంటావా, తీసేయమంటావా" అని అడుగుతుంది, సెట్టింగ్స్ నుంచి చేస్తే ఆ ప్రశ్న ఉండదు, అన్నీ పోతాయి. అందుకే కంట్రోల్ ప్యానెల్ నుంచే చెయ్యండి, ఉంచమనే చెప్పండి. అయితే ఉంచమన్నా అది దాచేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫోటోలు, పాటలు, వీడియోలు లాంటివే. డౌన్‌లోడ్స్ ఆ జాబితాలో లేదు, మెయిల్ కూడా లేదు. మన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వులు, సభ్యుల ఆధార్ కాపీలు ఎక్కడుంటాయి? నూటికి తొంభై పాళ్ళు డౌన్‌లోడ్స్‌లోనే.

సామాను తీసుకున్నాక కూడా వెంటనే తీసేయొద్దు. పాస్‌వర్డ్ మార్చిన అకౌంట్‌ని ఒక నెల అలాగే ఉంచండి, ఎవరూ వాడకుండా. ఒక నెల లెక్క పూర్తయి, ఆడిట్‌కి ఇవ్వాల్సినవి ఇచ్చాక, ఏదీ తక్కువ కాలేదని తేలాక తీసేయొచ్చు. ఆ నెల రోజులూ కొత్తపాస్‌వర్డ్ ఎక్కడుండాలని కమిటీలో పెద్ద చర్చ జరిగింది. చివరికి కవరులో పెట్టి, అతికించి, ఇద్దరు సంతకాలు చేసి, బీరువాలో పెట్టాలని తీర్మానించాం. ల్యాప్‌టాప్ అడుగున టేపు వేసి కాదు.

వీటితో అయిపోతుందనుకున్నాను. ఆ తమ్ముడు నవ్వి, "అక్కా, జీమెయిల్ సంగతేంటి" అన్నాడు. సమాఖ్య పేరు మీద ఒక మెయిల్ ఉంది మనకి. అది ల్యాప్‌టాప్‌లోనే ఉందని నా నమ్మకం. కాదట. అది ఎక్కడెక్కడ తెరిచి ఉందో అందులోనే చూసుకోవచ్చు, గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి వెళ్తే మీ డివైసులు అని ఒక జాబితా వస్తుంది. మనది తెరిచి చూస్తే ఐదు ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఒకటి, ఆఫీసు ఫోన్ ఒకటి, పాత చెల్లి ఫోన్, రెండేళ్ళ కిందట మానేసిన సీసీ ఫోన్, ఇంకొకటి ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు. జిరాక్స్ షాపులో ఎప్పుడో ప్రింటు తీసుకోవడానికి తెరిచి మూయకుండా వచ్చేసింది అయ్యుండొచ్చని నా అనుమానం. ఒక్కొక్కదాన్నీ అక్కడినుంచే సైన్ ఔట్ చేశాం. ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చాం. గూగుల్‌లో పాస్‌వర్డ్ మారిస్తే దాదాపు మిగతా అన్నిచోట్లా బయటికి వచ్చేస్తుంది, అది ల్యాప్‌టాప్ లాంటిది కాదు. కానీ ఇంకొకటి ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఏ నంబరుకి కోడ్ రావాలి అన్న చోట పాత చెల్లి నంబరే ఉంది. అంటే మనం ఎన్ని తాళాలు మార్చినా, కొత్త తాళంచెవి చేయించుకునే హక్కు ఆ నంబరు దగ్గరే ఉంది. తను ఏమీ చెయ్యదు, అది నాకు తెలుసు. రేపు ఏదైనా జరిగితే మళ్ళీ మాట పడేది తనే, అది కూడా నాకు తెలుసు. ఆఫీసు ఫోన్ నంబరు పెట్టించాం.

సభ్యుల వివరాలు ఎక్కించే సర్కారు యాప్‌ల లాగిన్లు మన చేతిలో ఉండవు. మనిషి మారిన రోజే పైవాళ్ళకి కాగితం రాసి, నకలు మన ఫైల్లో ఉంచుకోవాలి. నోటితో చెప్తే లెక్కలోకి రాదు.

వెనకాల కూర్చున్న అక్కలు అప్పుడే గుసగుసలాడుతున్నారు, ల్యాప్‌టాప్ మాకెందుకమ్మా అని. మీ చేతిలో ఫోన్ ఉందా లేదా? ఉంది కదా, అయితే వినండి.

వాట్సాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే అకౌంట్ పోయిందనుకుంటాం. యాప్ పోతుంది, అకౌంట్ ఉంటుంది. గ్రూపుల్లో మీ పేరు అలాగే ఉంటుంది. మీ అబ్బాయి కాలేజీ కంప్యూటర్లో ఎప్పుడో మీ వాట్సాప్ కలిపి ఉంటే, మీరు మీ ఫోన్ వాడుతున్నన్నాళ్ళూ అక్కడ కూడా మీ మాటలు కనపడుతూనే ఉంటాయి. పైన మూడు చుక్కలు నొక్కి లింక్డ్ డివైసెస్ చూడండి. అక్కడ ఏమైనా పేరు కనపడితే, అది మీకు తెలిసినది కాకపోతే, దాన్ని నొక్కి లాగ్ ఔట్ చెయ్యండి. ఇప్పుడే చూడండి, ఒక్క నిమిషం ఆగుతాను.

(ఆరుగురు లేచి నిలబడ్డారు. ఒకామె ఫోన్‌లో మూడు కనపడ్డాయి.)

చూశారా. ఇక అకౌంట్ నిజంగానే తీసేయాలంటే సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్ళి డిలీట్ అనాలి, అప్పుడు మీరు ఉన్న అన్ని గ్రూపుల్లోంచీ బయటికి వస్తారు, పాత మాటలన్నీ పోతాయి. సంఘం గ్రూపుకి మీరొక్కరే అడ్మిన్ అయితే, ముందు ఇంకొకర్ని అడ్మిన్ చేసి అప్పుడు బయటికి రండి. మా పక్క ఊరి లీడరు ఇలా చెప్పకుండా వెళ్ళిపోతే కొన్నాళ్ళు ఆ గ్రూపులో ఎవరు ఎవర్ని చేరుస్తున్నారో కూడా పట్టించుకున్నవాళ్ళు లేరు.

సిమ్ విషయం. నంబరు ఆగిపోతే, కనీసం 90 రోజుల తర్వాత కంపెనీ వాళ్ళు ఆ నంబరుని ఇంకొకరికి ఇవ్వొచ్చు. రీచార్జి చెయ్యకుండా నంబరు వదిలేసి ఊరుకోకండి. ఆ నంబరు మీద ఫోన్‌పే ఉందా, బ్యాంకు మెసేజ్‌లు వస్తున్నాయా, ఆధార్‌కి అదే ఉందా చూసుకుని, అన్నిచోట్లా కొత్త నంబరు పెట్టించుకున్నాకే వదలండి.

పాత ఫోన్ అమ్మేటప్పుడు, లేక కూతురికి ఇచ్చేటప్పుడు, ముందు సెట్టింగ్స్‌లో ఉన్న గూగుల్ అకౌంట్ తీసేసి, తర్వాత మొత్తం రీసెట్ చెయ్యండి. వరస తప్పితే ఏమవుతుందో మన సమాఖ్యలోనే చూశాం. మాజీ లీడరు దగ్గర్నుంచి వెనక్కి వచ్చిన సంఘం ఫోన్‌ని, లాక్ తెలియక, ఎవరో పక్కన గుండీలు నొక్కి పట్టుకుని రీసెట్ చేశారు. అంతా తుడిచిపెట్టుకుపోయింది, తెర మీద మాత్రం "పాత అకౌంట్ పాస్‌వర్డ్ చెప్పు" అని కూర్చుంది. దొంగలకి ఫోన్ పనికిరాకుండా పెట్టిన ఏర్పాటది. ఆమేమో గల్ఫ్ వెళ్ళింది. ఎనిమిది వేల ఫోన్ నాలుగు నెలలు బీరువాలో పడుకుంది.

ఇదంతా చెప్తుంటే ఒక మాట అడుగుతారు మీరు, కమిటీలోనూ అడిగారు. "మూడేళ్ళు పనిచేసిన పిల్లని ఇలా గదులన్నీ మూసి బయటికి పంపితే అనుమానించినట్టు కాదా?" పాత చెల్లినే అడిగాను నేను. "అక్కా, నా ఆఖరి రోజునే నా చేత సైన్ ఔట్ చేయించి, నా పేరు తీసేసి, తీసేశామని కాగితం ఇచ్చుంటే, డిశ్చార్జి కాగితం పట్టుకుని మీటింగుకి రావాల్సిన పని నాకు ఉండేదా?" అంది. నేనేమీ అనలేకపోయాను.

అందుకని ఈ ఏడాది నుంచి అప్పగింత కాగితంలో ఐదు వరసలు కొత్తగా చేర్చాం. ల్యాప్‌టాప్‌లో సైన్ ఔట్ అయ్యారా, ఫైళ్ళు ఎవరు కాపీ చేశారు, మెయిల్‌లో డివైసులు చూశారా, కోడ్ వచ్చే నంబరు మార్చారా, అకౌంట్ ఏ తేదీన తీసేశారు. కింద మానేసే మనిషి సంతకం, కొత్త మనిషి సంతకం, ఇద్దరు సభ్యుల సంతకాలు. ఒక కాపీ మానేసే మనిషికి ఇస్తాం, తన దగ్గరే ఉంచుకోవడానికి. పాత చెల్లికి కూడా ఆ కాగితం ఆలస్యంగానైనా ఇచ్చాం, నేనే వాళ్ళింటికి తీసుకెళ్ళాను. పాప ఇప్పుడు పాకుతోంది.

ఈ నెలలో ఐదు గ్రామ సంఘాల్లో లెక్కలు రాసేవాళ్ళు మారుతున్నారు. పాతవాళ్ళు, కొత్తవాళ్ళు ఇద్దరూ కలిసి వచ్చే రెండో శనివారం పొద్దున పదింటికి సమాఖ్య ఆఫీసుకి రండి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఛార్జరుతో సహా తీసుకురండి, పోయినసారి ముగ్గురు ఛార్జర్ మర్చిపోయి వచ్చారు. పెన్‌డ్రైవ్ ఖాళీది తెచ్చుకోండి, పాటలు ఉన్నది వద్దు.